అరవై దాటాక తొలిసారి కంటి లోపల వాపు: పాఠకుల ప్రశ్నలకు కంటి వైద్యుడి జవాబులు

ప్రశ్న: డాక్టరు గారూ, మా నాన్నగారి వయసు 67. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. పదేళ్లుగా షుగరు ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంటోంది. రెండేళ్ల కిందట కుడికంటికి శుక్లం ఆపరేషన్ జరిగింది. నెల కిందట ఎడమకన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోవడం మొదలైంది. కళ్లకలక అనుకుని మందుల షాపులో అడిగి తెచ్చిన చుక్కలు వారం రోజులు వేశాము. తగ్గకపోగా చూపు మసకబారింది. కంటి డాక్టరు చూసి యువైటిస్ అన్నారు. స్టెరాయిడ్ చుక్కలు రాసి, రక్తపరీక్షలతో పాటు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష కూడా చేయించమన్నారు. దగ్గయినా లేని మనిషికి క్షయ పరీక్ష ఎందుకు? ఇన్నేళ్లూ రాని జబ్బు ఈ వయసులో కొత్తగా ఎందుకు వచ్చింది?
- ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: మీ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒక్కచోటే ఉందమ్మా. కంటి తెల్లగుడ్డుకూ, లోపల చూపును పట్టే రెటీనాకూ మధ్య రక్తనాళాలు దట్టంగా అల్లుకున్న పొర ఒకటి ఉంటుంది. ముందువైపు నల్లగానో గోధుమ రంగులోనో కనిపించే ఐరిస్, దాని వెనుక కటకాన్ని పట్టి ఉంచే కండర వలయం, ఆ వెనుక రెటీనాను ఆనుకుని ఉండే కొరాయిడ్ కలిస్తే ఆ పొర అవుతుంది. అది వాచడమే యువైటిస్. రక్తం అంతగా పారే చోటు కాబట్టి శరీరంలో మరెక్కడో దాగి ఉన్న జబ్బు అక్కడ బయటపడడానికి వీలుంటుంది. ఇరవై, నలభై ఏళ్ల మధ్య వారికి తొలిసారి ఇది వస్తే, హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే వారసత్వ గుర్తుతో ముడిపడి, ఉదయం లేవగానే నడుము పట్టేసే జబ్బుతో కలిసి వచ్చే రకాన్ని ముందుగా అనుమానిస్తాము. అరవై దాటినవారిలో ఆ అనుమానం వెనక్కి వెళ్లి, పాత ఇన్ఫెక్షన్లు, అక్కి, ముదిరిన శుక్లం, ఎప్పుడో జరిగిన ఆపరేషన్, వాడుతున్న మందులు, అరుదుగా క్యాన్సర్ ముందుకు వస్తాయి. కాబట్టి చుక్కల మందు రాసి పంపేయకుండా కారణం వెతుకుతున్న మీ డాక్టరు సరైన పనే చేస్తున్నారు.

ముందుగా కళ్లకలక సంగతి చెప్పాలి, ఎందుకంటే విలువైన రోజులు చాలామందికి అక్కడే పోతున్నాయి. కళ్లకలకలో పుసి కడుతుంది, పొద్దున రెప్పలు అతుక్కుంటాయి, సాధారణంగా ఒక కంటి తర్వాత రెండో కన్నూ ఎర్రబడుతుంది, ఇంట్లో ఇంకొకరికీ అంటుకుంటుంది, చూపు మాత్రం పెద్దగా తగ్గదు. యువైటిస్‌లో పుసి ఉండదు. ఎరుపు నల్లగుడ్డు చుట్టూ వలయంలా చిక్కగా ఉంటుంది, కంటి లోపల సలుపు ఉంటుంది, వెలుతురు భరించలేరు, చూపు మసకబారుతుంది. నా దృష్టిలో పెద్దవారికి ఒక్క కన్నే ఎర్రబడి చూపు తగ్గిందంటే, వేరే అని తేలేదాకా అది కళ్లకలక కాదనే అనుకోవాలి. అదే ఎరుపుతో పాటు తీవ్రమైన తలనొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు ఉంటే, కంటి లోపలి ద్రవం పోయే దారి హఠాత్తుగా మూసుకుపోయిన నీటికాసుల జబ్బు కావచ్చు. దానికి తెల్లవారేదాకా ఆగకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి చేరాలి.

మీ నాన్నగారి గడ్డాన్ని ఒక స్టాండుపై ఆనించి, సన్నని వెలుతురు గీతను కంట్లోకి పంపి డాక్టరు చూసి ఉంటారు. అది స్లిట్ ల్యాంప్. పెంకుటింటి కప్పు సందులోంచి పడిన ఎండలో ధూళి రేణువులు తేలినట్లు, వాచిన కంట్లో ఆ వెలుతురు గీత మధ్య తెల్లకణాలు తేలుతూ కనిపిస్తాయి. నల్లగుడ్డు లోపలి గోడకు అంటుకున్న కణాల ముద్దలు కూడా కనిపిస్తాయి. ఆ ముద్దలు సన్నని పొడిలా ఉన్నాయా, జిడ్డుగా పెద్దవిగా ఉన్నాయా అన్నది కారణం వైపు దారి చూపే మొదటి ఆనవాలు. జిడ్డు ముద్దలు కనిపించినప్పుడు మన దేశంలో ఏ కంటి వైద్యుడైనా ముందుగా తలచుకునేది క్షయనే.

ఇక క్షయ పరీక్ష విషయం. క్షయ సూక్ష్మజీవి చిన్నప్పుడెప్పుడో శరీరంలో చేరి, ఏ దగ్గూ జ్వరమూ లేకుండా దశాబ్దాల పాటు నిద్రాణంగా ఉండిపోగలదు. వయసు మీద పడి రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు, ముఖ్యంగా షుగరు ఉన్నవారిలో, అది మేలుకునే అవకాశం ఎక్కువ. కంట్లో క్షయ ఉన్న చాలామందిలో ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉంటాయి కాబట్టి దగ్గు లేకపోవడం పెద్ద భరోసా కాదు. అయితే రెండోవైపు కూడా చెప్పాలి. ముంజేతి మీద సూది వేసి 48 నుంచి 72 గంటల మధ్య కొలిచే మాంటూ పరీక్షగానీ, ఇగ్రా అనే రక్తపరీక్షగానీ పాజిటివ్ వచ్చినంత మాత్రాన కంటి జబ్బు క్షయ వల్లే వచ్చిందని తీర్మానించకూడదు. మన జనంలో క్షయ సూక్ష్మజీవి సోకినా జబ్బు పడనివారు కోకొల్లలు, వారిలోనూ ఈ పరీక్షలు పాజిటివ్‌గానే వస్తాయి. కంటి లోపల కనిపించే రూపం, ఛాతీ ఎక్స్‌రే లేదా సీటీ స్కాన్, ఈ పరీక్షలు, వీటన్నిటినీ కలిపి చూసి, మిగతా కారణాలను తోసిపుచ్చాకే మందులు మొదలుపెట్టాలి. మొదలుపెడితే ఆరు నెలలకు తగ్గకుండా వాడాల్సి వస్తుంది, మధ్యలో ఆపకూడదు. ఆ మందుల్లో ఇథాంబ్యుటాల్ కొందరికి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి, వాడుతున్నంతకాలం చూపునూ రంగులు గుర్తించే శక్తినీ మధ్యమధ్యలో పరీక్షించమని మీరే గుర్తుచేసి అడగండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయ మందులు ఉచితం. విశాఖలో ప్రభుత్వ ఛాతీ వ్యాధుల ఆసుపత్రీ, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రీ రెండూ ఉన్నాయి కాబట్టి ఒకరి అభిప్రాయం ఇంకొకరికి చేరడం కష్టం కాదు.

సార్కాయిడోసిస్ అనే మరో జబ్బు అచ్చం క్షయలాగే కంట్లో జిడ్డు ముద్దలు కలిగిస్తుంది, ఛాతీలో గ్రంథులను వాపిస్తుంది. ఛాతీ స్కాన్ అడగడానికి అదీ ఒక కారణమే. రక్తపరీక్షల చీటీలో సిఫిలిస్ పరీక్ష కూడా ఉండి ఉంటుంది. దాన్ని చూసి నొచ్చుకునే కుటుంబాలు ఉన్నాయి, కొందరు ఆ ఒక్క పరీక్షా కొట్టేయించి మిగతావి చేయించుకుని వస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ జబ్బు కంట్లో ఏ రూపంలోనైనా రావచ్చు, ఎన్నో ఏళ్ల కిందట సోకినదైనా కావచ్చు, పెన్సిలిన్‌తో నయమవుతుంది. మనిషి నడవడిక మీద తీర్పు చెప్పడానికి ఎవరూ ఆ పరీక్ష రాయరు.

వయసుతో పాటు పెరిగే మరో ముఖ్యమైన కారణం అక్కి. చిన్నతనంలో ఆటలమ్మ (చికెన్‌పాక్స్) పోసినప్పుడు శరీరంలో చేరిన వైరస్ నరాల మూలాల్లో దాగి ఉండి, పెద్దతనంలో ఒకవైపు నుదురు మీదా కంటిరెప్ప మీదా నీటిపొక్కులుగా లేస్తుంది. అక్కి వచ్చిన ప్రతి 100 మందిలో సుమారు 10 నుంచి 20 మందికి అది ఇలా నుదురు, కంటి భాగంలో వస్తుంది. ముక్కు కొన మీద కూడా పొక్కు లేచిందంటే కంటి లోపలికి పాకే ప్రమాదం బాగా ఎక్కువ, ఎందుకంటే ముక్కు కొనకూ కంటి లోపలికీ వెళ్లేది ఒకే నరపు శాఖ. పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. ఆ తర్వాత వచ్చినా కంటి కోసం మందు ఇస్తాము గానీ, మొదటి మూడు రోజులు తిరిగి రావు. జాజుతో అక్కి రాయించుకోవడం మన పల్లెల్లో ఇంకా ఉంది. ఆచారంగా రాయించుకుంటామంటే నేను కాదనను, కానీ ఆ మూడు రోజులూ దానికే ఖర్చు చేసి ఆసుపత్రికి రావడం మాత్రం కంటికి తీరని నష్టం. ఎసైక్లోవిర్ అయితే 800 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు ఐదుసార్లు చొప్పున 7 నుంచి 10 రోజులు వాడతారు. మూత్రపిండాల పనితీరు తగ్గిన పెద్దవారికి మోతాదు తగ్గించాలి కాబట్టి క్రియాటినిన్ ఎంతో చూసుకోవాలి. పొక్కులు మానిపోయిన కొన్ని వారాలకు కన్ను వాచడమూ ఉంది. మీ నాన్నగారికి ఈ మధ్య నుదుటి మీద పొక్కులు లేచి ఉంటే, అవి మానిపోయినా సరే, డాక్టరుకు చెప్పండి. అసలు పొక్కులే లేకుండా ఈ వైరస్ రెటీనాను వేగంగా తినేసే తీరు కూడా ఒకటి ఉంది. అందుకే కనుపాపను పెద్దది చేసే చుక్కలు వేసి వెనుక భాగం చూడకుండా ఇది ముందుభాగం వాపేనని ఎవరూ చెప్పకూడదు.

మీ నాన్నగారి ఎడమకంటికి ఆపరేషన్ కాలేదు కాబట్టి అందులోని శుక్లం ఏ దశలో ఉందో అడగండి. శుక్లం మరీ ముదిరి తెల్లగా మారితే, దాని పొరలోంచి మాంసకృత్తులు కారి కన్ను ఎర్రబడుతుంది, కంటి పీడనం పెరుగుతుంది. వాపును మందులతో కొంత అణచి శుక్లం తీసేయడమే దానికి చికిత్స. ఆపరేషన్ జరిగిన కంట్లో వాపు వచ్చి ఉంటే లోపల మిగిలిపోయిన శుక్లం ముక్క, ఐరిస్‌ను ఒరుసుకుంటున్న లెన్సు, నెలల తరువాత మెల్లగా తలెత్తే సూక్ష్మజీవుల గురించి ఆలోచించేవాళ్లం. ఒక కంటికి జరిగిన గాయమో ఆపరేషనో రెండో కన్ను వాచడానికి దారితీయడం అనేది కూడా ఉంది గానీ, అది చాలా అరుదు, సాధారణంగా రెండు కళ్లూ వాస్తాయి. కుడికన్ను నిర్మలంగా ఉంటే ఆ భయం పెట్టుకోనక్కరలేదు.

షుగరు ఉన్నవారి విషయంలో రెండు హెచ్చరికలు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, కాలి పుండు, కాలేయంలో చీముగడ్డ లాంటివి ఉండగా హఠాత్తుగా కన్ను మసకబారితే, రక్తం ద్వారా సూక్ష్మజీవులు కంట్లోకి చేరాయేమో ఆ రోజే చూడాలి. మెడలోంచి తలకు వెళ్లే పెద్ద రక్తనాళం సన్నబడినవారిలో, ముఖ్యంగా పొగతాగినవారిలో, కంటికి రక్తం చాలక వచ్చే సలుపు, ఎరుపు కూడా యువైటిస్‌లా కనిపిస్తాయి. ఎండలోకి వెళ్లివచ్చాక చూపు తేరుకోవడానికి చాలాసేపు పడుతోందంటే మెడకు డాప్లర్ స్కాన్ చేయించడం మంచిది. అలా దొరికిన జబ్బు పక్షవాతం రాకముందే దొరికినట్లు.

ఇన్ని పరీక్షలు చేసినా చాలామందిలో కారణం దొరకదు. దొరకనంత మాత్రాన డబ్బు వృథా అయినట్లు కాదు. క్షయ, సిఫిలిస్, వైరస్ లేవని తేలాకే స్టెరాయిడ్‌ను ధైర్యంగా వాడగలం. అలాగని ల్యాబుల వాళ్లు ఇచ్చే యాభై పరీక్షల ప్యాకేజీ అవసరం లేదు. రోగి చెప్పిన సంగతులను బట్టి, కంట్లో కనిపించినదాన్ని బట్టి ఎంచుకున్న నాలుగైదు పరీక్షలే పనికొస్తాయి. ఈలోగా స్టెరాయిడ్ చుక్కలను చెప్పిన వేళలకు వేయండి. మొదట గంట గంటకూ వేసి, వారాల తరబడి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, ఎరుపు పోయిందని ఒక్కసారి ఆపేస్తే వాపు తిరగబెడుతుంది. కనుపాపను పెద్దది చేసే చుక్కలు కూడా రాసి ఉంటే, ఐరిస్ తన వెనుకనున్న కటకానికి అతుక్కోకుండా అవి కాపాడతాయి. వాటివల్ల దగ్గరి చూపు ఆనకపోతే కంగారు పడకండి. చుక్కల వల్ల షుగరు పెద్దగా పెరగదు, మాత్రలు ఇవ్వాల్సి వస్తే మాత్రం బాగా పెరుగుతుంది, షుగరు చూసే డాక్టరుకు ముందే తెలియజేయండి.

ప్రశ్న: నా వయసు 71. ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఏడాదిగా కుడికంట్లో నల్లటి మచ్చలు, పోగులు తేలుతున్నట్లుంది, చూపు మంచు కప్పినట్లుంది. నొప్పి లేదు. స్టెరాయిడ్ మాత్రలు వాడినప్పుడల్లా తగ్గి, ఆపగానే మళ్లీ వస్తోంది. ఇప్పుడు డాక్టరు మెదడుకు ఎం.ఆర్.ఐ. తీసి, కంట్లోంచి నమూనా తీసి పరీక్షకు పంపాలంటున్నారు. చాలా భయంగా ఉంది. ఉద్యోగంలో ఉండగా ఉలి మీద సుత్తితో కొడుతుంటే ఇదే కంట్లో ఏదో పడింది, నీళ్లతో కడిగేసుకున్నాను. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: చివరి వాక్యం మీరు మీ డాక్టరుకు చెప్పారో లేదో రాయలేదు. చెప్పకపోతే ఎం.ఆర్.ఐ. గదిలోకి వెళ్లేలోపు తప్పక చెప్పండి. సుత్తి దెబ్బకు ఎగిరిన ఇనుప రవ్వ చాలా చిన్నదైనా వేగంగా కంట్లోకి దూసుకుపోతుంది, పైన గాయం కనిపించకుండా మూసుకుపోతుంది, ఏళ్ల తరబడి లోపలే ఉండిపోగలదు. ఎం.ఆర్.ఐ. యంత్రపు అయస్కాంతం దాన్ని కదిలిస్తే కంటికి ఘోర ప్రమాదం. ముందు ఎక్స్‌రేతోనో సీటీ స్కాన్‌తోనో రవ్వ లేదని రూఢి చేసుకోవాలి. ఒకవేళ ఉంటే, దాని తుప్పు కన్నంతా ఊరి, ఐరిస్ రంగు మారడం, శుక్లం రావడం, రెటీనా దెబ్బతినడంతో పాటు విడవని వాపు కూడా కలగవచ్చు. రవ్వను తీసేయడమే దానికి చికిత్స. గాజువాక, ఆటోనగర్ వైపు నుంచి వచ్చే పెద్దవారిని మందుల గురించి అడిగినట్లే చేసిన పని గురించి కూడా అడగడం నాకు అలవాటైంది.

రవ్వ లేదని తేలితే మీ డాక్టరు అనుమానిస్తున్నది లింఫోమాను. తెల్లకణాల క్యాన్సర్ ఒకటి కంటి వెనుక భాగంలో మొదలై, యువైటిస్ వేషం కట్టి తిరుగుతుంది. అరవై దాటినవారిలో, ఎరుపూ నొప్పీ అంతగా లేకుండా, కంటి లోపలి జెల్లీలో కణాలు గుంపులుగా తేలుతూ, స్టెరాయిడ్‌కు తగ్గినట్లే తగ్గి తిరిగి వచ్చే వాపు కనిపించినప్పుడు దాన్ని తలచుకోకపోవడం పొరపాటు. స్టెరాయిడ్ ఆ క్యాన్సర్ కణాలను కూడా కొంతకాలం చంపుతుంది కాబట్టి మందు పనిచేసిందనే భ్రమ అందరికీ కలుగుతుంది. ఈ జబ్బు ఉన్న చాలామందిలో అది ఎప్పుడో ఒకప్పుడు మెదడుకూ పాకుతుంది కాబట్టే మెదడు స్కాన్ అడుగుతారు.

కంట్లోంచి నమూనా తీయడం అంటే కన్ను కోసేయడం కాదు. కంటికి మత్తు ఇచ్చి, తెల్లగుడ్డులో సూదిమొన అంత రంధ్రాల ద్వారా జెల్లీని కొంత తీస్తారు. స్టెరాయిడ్ వాడుతుండగా తీస్తే కణాలు దొరకక ఫలితం తప్పుగా రావచ్చు కాబట్టి, ముందు కొన్నాళ్లు ఆ మాత్రలు తగ్గించి ఆపమంటారు. మీ అంతట మీరు ఆపకండి, వారు చెప్పిన క్రమంలోనే ఆపండి. తీసిన కణాలు త్వరగా పాడైపోతాయి కాబట్టి ఇలాంటి నమూనాలు చూసే ల్యాబు సిద్ధంగా ఉన్నచోటే చేయించుకోవాలి. ఎక్కడ చేయిస్తున్నారు, నమూనా ఎంతసేపటిలో ల్యాబుకు చేరుతుంది అని అడగడానికి మొహమాటపడకండి. లింఫోమా అని తేలితే మెథోట్రెక్సేట్ అనే మందును కంట్లోకి ఇంజెక్షన్లుగానూ, అవసరాన్ని బట్టి శరీరానికీ ఇస్తారు. లేదని తేలితే మీ అనవసరపు భయమూ, అనవసరపు మందులూ రెండూ తగ్గుతాయి. ఏడాదిగా తిరగబెడుతున్న కంటికి ఇంకో విడత స్టెరాయిడ్ కంటే ఈ పరీక్షే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: మా అత్తగారికి 66 ఏళ్లు. ఎముకలు గుల్లబారాయని ఏడాదికోసారి వేసే ఇంజెక్షన్ సెలైన్‌లా ఎక్కించారు. ఒళ్లునొప్పులు, జ్వరం వచ్చి తగ్గాయి. మూడోరోజుకు రెండు కళ్లూ ఎర్రబడి నొప్పి పుట్టాయి. ఇంజెక్షన్ వల్లేనా?
- ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: అయ్యే అవకాశం చాలా ఉంది. జోలెడ్రోనిక్ యాసిడ్ అనే ఆ మందు కొద్దిమందిలో, సాధారణంగా మొదటి మోతాదు తర్వాత కొద్ది రోజుల్లోనే, యువైటిస్‌ను గానీ తెల్లగుడ్డు వాపును గానీ కలిగిస్తుంది. వారం వారం వేసుకునే అలెండ్రోనేట్ మాత్రలు కూడా ఆ జాతివే. కంటి డాక్టరుకు ఇంజెక్షన్ పేరు, వేసిన తేదీ ఉన్న చీటీ చూపించండి. స్టెరాయిడ్ చుక్కలతో ఎక్కువమందికి తగ్గిపోతుంది. ఎముకల డాక్టరుకు కూడా ఈ సంగతి తెలియాలి, ఎందుకంటే మళ్లీ అదే మందు ఎక్కిస్తే కళ్లు మళ్లీ వాచవచ్చు. ఎముకల చికిత్స మానేయనక్కరలేదు, వేరే జాతి మందులు ఉన్నాయి. నీటికాసుల కోసం నెలల తరబడి బ్రిమోనిడిన్ చుక్కలు వాడేవారిలోనూ, క్యాన్సర్‌కు ఇచ్చే కొత్త ఇమ్యూనోథెరపీ మందులు తీసుకునేవారిలోనూ ఇలాంటి వాపు వస్తుంది. కంటి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఇంట్లోని మందులన్నీ, చుక్కల సీసాలతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లమని అందుకే చెబుతుంటాను.

ప్రశ్న: నాకు ఆరు నెలల కిందట యువైటిస్ వచ్చి తగ్గింది. వయసు 64. అప్పటి స్టెరాయిడ్ చుక్కల సీసా సగం మిగిలింది. మళ్లీ ఎర్రబడితే వెంటనే వేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: వద్దు. తెరిచిన సీసా నెల దాటితే వాడకూడదు, మీది ఆరు నెలలు దాటింది. కొత్త సీసా అయినా నా జవాబు ఇదే. ఈసారి ఎరుపు హెర్పిస్ వైరస్ నల్లగుడ్డు మీద చేసిన పుండు వల్ల అయితే, స్టెరాయిడ్ ఒక్కటే వేయడం దాన్ని పెంచి పోషించడమే. పైగా మీరు నాలుగు రోజులు వేసుకుని వస్తే కారణం చెప్పే ఆనవాళ్లన్నీ చెదిరిపోయి ఉంటాయి. ఈ చుక్కలు నెలల తరబడి వాడితే కంటి పీడనం పెరగవచ్చు, శుక్లం త్వరగా రావచ్చు, పీడనం పెరిగినా నొప్పి తెలియదు. ఆ సీసా పారేసి, ఇప్పుడు కన్ను బాగానే ఉన్నా ఒకసారి పీడనం చూపించుకోండి. మళ్లీ ఎర్రబడితే ఒకటి రెండు రోజుల్లోపు, పాత చీటీలతో సహా, డాక్టరు దగ్గరకు వెళ్లండి.